మెకార్డిల్ జబ్బు, పాత లేడీస్ సైకిలు, 14 వారాలు: నా ప్రాజెక్టు డైరీ

మొదలుపెట్టే ముందు

నాకు 39 ఏళ్లు. ఉండేది శ్రీకాకుళంలో, పని ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో. రెండేళ్ల క్రితం విశాఖలో న్యూరాలజీ డాక్టరు గారు జీన్ టెస్టు రిపోర్టు నా ముందు పెట్టి, నీకున్నది మెకార్డిల్ అమ్మా అన్నారు. సుమారు లక్ష మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. ఆ రోజు నాకు ఏడుపు రాలేదు. పేరు దొరికిందని ఎంత హాయిగా అనిపించిందంటే, బయటికొచ్చి మా ఆయన్ని టీ తాగుదామని అడిగాను.

జబ్బు సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే కింద రాసేదంతా అయోమయంగా ఉంటుంది. కండరాల్లో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిల్వ ఉంటుంది. ఉన్నట్టుండి పరిగెత్తాలన్నా, బస్తా ఎత్తాలన్నా, నిండు బిందె మోయాలన్నా కండరం ఎక్కువగా వాడుకునేది దాన్నే. దాన్ని విడగొట్టే మయోఫాస్ఫోరిలేజ్ అనే ఎంజైము నా కండరాల్లో లేదు. గాదె నిండా ధాన్యం ఉంది, తలుపు మాత్రం తెరుచుకోదు. రక్తంలోంచి గ్లూకోజు, కొవ్వు వచ్చి అందుకునేదాకా, అంటే 8 నుంచి 10 నిమిషాల పాటు, కండరం ఆకలితో పని చేయాలి. ఆ టైములో బలవంతం చేస్తే బిగుసుకుపోతుంది, ఇంకా బలవంతం చేస్తే కండరం కరిగి అందులోని మయోగ్లోబిన్ అనే ప్రొటీను రక్తంలోకి వస్తుంది, ఒంటేలు కోకాకోలా రంగులోకి మారుతుంది, కిడ్నీల మీద పడుతుంది. అదే ఆ పది నిమిషాలు మెల్లగా దాటగలిగితే గుండె దడ తగ్గి కాళ్లు తేలికవుతాయి, అరగంటయినా గంటయినా నడవొచ్చు. దీన్ని సెకండ్ విండ్ అంటారు. మా అత్తగారిది కళింగపట్నం దగ్గర ఊరు, అక్కడ వేటకెళ్లేవాళ్లు గాలి మళ్లింది అంటుంటారు కదా, మా ఇంట్లో ఆ మాటే స్థిరపడిపోయింది.

లండన్‌లో గైస్ ఆస్పత్రిలో పని చేసిన బ్రయాన్ మెకార్డిల్ అనే డాక్టరు 1951లో ఒక ముప్పై ఏళ్ల మనిషిని పరీక్షించి, ఎంత కష్టపడినా ఆయన రక్తంలో లాక్టేట్ (గ్లైకోజెన్ విరిగినప్పుడు కండరంలో పుట్టేది) పెరగడం లేదని గమనించారు. లేనిది ఏ ఎంజైమో 1959లో తేలింది. మా అమ్మా నాన్నలది మేనరికం. ఇద్దరి దగ్గరా లోపమున్న జీన్ ఒక్కొక్కటి ఉంది, ఆ రెండూ నాకొచ్చాయి. ఇలాంటి దంపతులకి పుట్టే ప్రతి బిడ్డకీ నాలుగింట ఒక వంతు అవకాశం. మా తమ్ముడికి రాలేదు.

చిన్నప్పటిది ఒకటి చెప్పాలి. 2000 సంవత్సరంలో నేను తొమ్మిదో తరగతి. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చిన ఏడాది అది. జిల్లా అంతా పండగ. మా ఊళ్లో స్టేడియానికి ఉన్న పేరేమో కోడి రామ్మూర్తిది, ఛాతీ మీద ఏనుగుని ఎక్కించుకున్నాడని చెప్పుకునే మల్లయోధుడు. పక్కన విజయనగరం జిల్లాలో కొండవెలగాడ ఊరు ఊరంతా వెయిట్‌లిఫ్టర్లే. ఇలాంటి చోట పుట్టి, గ్రౌండు చుట్టూ ఒక్క రౌండు పరిగెత్తలేకపోయినందుకు మా డ్రిల్లు మాస్టారు నా చేత 50 గుంజీలు తీయించారు. 20 దగ్గర తొడలు రాళ్లయిపోయాయి, అయినా ఆపనివ్వలేదు. మర్నాడు పొద్దున ఒంటేలు నల్లగా వచ్చింది. అమ్మ వాళ్లది కవిటి వైపు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో పోయినవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు. పెద్దయ్యాక ఆ రంగు గుర్తొచ్చినప్పుడల్లా నాకు నిద్ర పట్టేది కాదు. ఆ రోజు మాత్రం భయపడి ఎవరికీ చెప్పలేదు. మాస్టారు వేసిన పేరు బద్ధకస్తురాలు. ఆ పేరు పాతికేళ్లు నాతో ఉంది.

ఇప్పుడు ఈ ప్రాజెక్టు ఎందుకంటే, జబ్బు పేరు తెలిశాక నేను ఇంకా భయపడి కదలడమే మానేశాను. ఏడాదిలో 6 కిలోలు పెరిగాను, గాలి మళ్లడానికి పట్టే టైము కూడా పెరిగింది. డాక్టరు గారు అది తప్పన్నారు. 2006లో వచ్చిన ఒక అధ్యయనం గురించి చెప్పారు. మెకార్డిల్ ఉన్న 8 మంది 14 వారాలు, వారానికి 4 రోజులు, రోజుకి 30 నుంచి 40 నిమిషాలు సైకిలు తొక్కారు, గుండె గరిష్ఠ వేగంలో 60–70 శాతం దాటకుండా. వాళ్లు చేయగలిగే పని సగటున 36 శాతం పెరిగింది, కండరం దెబ్బతింటే పెరిగే సీకే మాత్రం పెరగలేదు. నాకు ఈసీజీ, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూసి, గుండె వేగం 110 నుంచి 125 మధ్య ఉంచుకో, నొప్పి మొదలైతే తగ్గించు, బిగుసుకుంటే ఆపు అని రాసిచ్చారు. ఏ పనీ చేయకపోయినా నా సీకే 2,860 ఉంటుంది. మామూలు వాళ్లకి 200 లోపు. నాకు అదే మామూలు.

గమ్యం శాలిహుండం కొండ. వంశధార ఒడ్డున, గార మండలంలో, బౌద్ధ స్తూపాలున్న చోటు. 1919లో గిడుగు రామమూర్తి పంతులు గారు గుర్తించారని మా తెలుగు మాస్టారు చెప్పారు, పదో తరగతి ఎస్కర్షన్‌లో, కొండ కింద. కింద అని ఎందుకన్నానంటే పైకి అందరూ వెళ్లారు, నేను సంచులకి కాపలా ఉన్నాను.

అక్టోబరు 5, ఆదివారం

ముందు ఎక్కడున్నానో తెలియాలి కదా. పొద్దున ఆరింటికి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండు. కోవిడ్ టైములో కొన్న వేలి ఆక్సీమీటరు, సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచీ, నోట్‌బుక్కు పట్టుకుని మా అమ్మాయి పక్కన.

కూర్చున్నప్పుడు గుండె వేగం 82. మామూలు వేగంతో నడక మొదలు. 1వ నిమిషం 104, 3వ నిమిషం 131, 5వ నిమిషం 148, పిక్కలు బిగుస్తున్నాయి. వేగం సగానికి తగ్గించాను. 7 దగ్గర ఆగి నిలబడాల్సి వచ్చింది. మళ్లీ నడక. 11వ నిమిషానికి 139. 13కి 121, 14కి 116. అదే నడక, అదే నేల, నేనేమీ తగ్గించలేదు, అయినా గుండె నిమిషానికి 23 సార్లు తక్కువ కొట్టుకుంటోంది. మా అమ్మాయి అంకెలు రాస్తూ, అమ్మా మీటరు పాడైందేమో అంది. తల్లీ, మీటరు బాగానే ఉంది.

నా జీవితంలో నన్ను తూచినవాళ్లంతా ఆ మొదటి 13 నిమిషాలే చూశారని ఈ కాగితం చూశాకే అర్థమైంది. 14వ నిమిషం దాకా ఆగినవాళ్లు లేరు.

అక్టోబరు 11, 12

నడకే చాలు కదా, సైకిలు ఎందుకు అని మా ఆయన అడిగారు. నడకలో గుంట, గట్టు, కుక్క, వెనక నుంచి హారను, ఏదొచ్చినా నేను అదాటున కదలాలి, అదే నాకు ప్రమాదం. నిలిపి ఉంచిన సైకిలైతే ఎంత మెల్లగా తొక్కాలో నా ఇష్టం. జిమ్ సైకిలు కొనడానికి చేయి రాలేదు. ఇంటర్‌లో నాన్న కొనిచ్చిన లేడీస్ సైకిలు మేడ మెట్ల కింద తుప్పు పట్టి ఉంది.

పిన్ని కొడుక్కి ఆమదాలవలస రోడ్డులో వెల్డింగ్ షాపుంది. ఇంచు ఎల్ యాంగిల్‌తో ఏ అక్షరం ఆకారంలో రెండు కాళ్లు కోసి, వెనక చక్రం ఇరుసు నట్లు వాటిలో కూర్చునేలా గాడి పెట్టాడు. చక్రం నేల నుంచి రెండంగుళాల ఎత్తులో తిరుగుతుంది. కాళ్ల మధ్య రెండడుగుల వెడల్పుతో అడ్డపట్టీ, ఊగకుండా. ముందు చక్రం కింద చెక్కదిమ్మ. ఇనుముకి 900 అయింది, మజూరీ తీసుకోలేదు. "అప్పా, ఇంత మెల్లగా తొక్కితే ఒళ్లేటి తగ్గుద్ది?" అన్నాడు. గాదె సంగతి చెప్పాను. కాసేపు ఊరుకుని, అయితే హ్యాండిలు పైకి లేపుతాను, గట్టిగా పట్టుకోవాల్సిన పని ఉండకూడదు కదా అన్నాడు. అంత త్వరగా అర్థం చేసుకున్న మనిషిని ఈ మధ్య చూడలేదు.

సీటు ఎత్తు: పెడలు కిందికొచ్చినప్పుడు మోకాలు దాదాపు నిటారుగా ఉండాలి, కొద్దిగా వంగి. సీటు దిగువగా ఉంటే తొడలే మొత్తం భారం మోస్తాయి. ఎక్కడానికి పక్కన పీట.

1వ వారం

బాలేదు. బరువేమీ లేకుండా తొక్కినా 4వ నిమిషానికి 146. మూడు రోజులు ఇదే. ఇంత తేలిగ్గా తిరిగే చక్రానికి ఇంత దడెందుకు? మూడో రోజు మా ఆయన కింద కూర్చుని చూసి కనిపెట్టారు. చక్రానికి బరువు లేదు, అందుకని ఊపు నిలవడం లేదు, ప్రతి తొక్కుకీ ఆగి మళ్లీ మొదలవుతోంది. అంటే నేను నిమిషానికి నలభై సార్లు కొత్తగా మొదలుపెడుతున్నాను. మొదలుపెట్టడమే కదా నా జబ్బు.

2వ వారం

10 ఎంఎం ఊచని గుండ్రంగా వంచి, చక్రానికి అటొకటి ఇటొకటి, స్పోకులకి బైండింగ్ వైరుతో కట్టించాం. రెండూ కలిపి రెండు కిలోల పైన. రిమ్ముకి దగ్గరగా కడితేనే ఊపు నిలుస్తుంది, మధ్యలో కడితే దండగ. మొదటిసారి ఒకవైపు కాస్త బరువెక్కువై స్టాండు దడదడలాడింది, ఊచ అతుకులు రెండూ ఒకేవైపు వచ్చాయి, ఒకటి తిప్పి ఎదురుగా కట్టాక సర్దుకుంది.

ఇప్పుడు చక్రం దానంతటదే తిరుగుతున్నట్టుంది, కాలు ఊరికే దానితో పాటు వెళ్తుంది. 4వ నిమిషం 124, 8వ నిమిషం 127, 12వ నిమిషం 108. గాలి మళ్లింది, నొప్పి లేకుండా! నేను అంతకుముందెప్పుడూ నొప్పి లేకుండా అక్కడికి చేరలేదు. దిగి వంటింట్లోకెళ్లి ఏడ్చాను, ఈసారి వచ్చింది ఏడుపు.

15 నిమిషాలకి ఆపేశాను. ఇంకా తొక్కగలను, తొక్కలేదు.

3, 4 వారాలు

తుపాను వానలు, కరెంటు పోవడం, వరండా అంతా జల్లు. సైకిలు హాల్లోకి లాగాలి, లాగే పని నేను చేయకూడదు. రెండు రోజులు పోయాయి. మిగతా రోజులు 18, 20 నిమిషాలు.

ఒక అలవాటు మొదలుపెట్టాను. పొద్దునా సాయంత్రం ఒంటేలు తెల్ల ప్లాస్టిక్ గ్లాసులో పట్టి వెలుతుర్లో చూడటం. చదవడానికి ఎలా ఉన్నా, ఈ జబ్బున్నవాళ్లకి ఇంతకంటే చవకైన పరీక్ష లేదు. లేత పసుపు ఉంటే సరే. టీ డికాక్షన్ రంగు కనిపిస్తే ఆలోచించకుండా ఆస్పత్రికి.

5వ వారం

బరువు పెట్టే టైమొచ్చింది. పాత మంచం నవారు ముక్క టైరు మీదుగా వేసి, ఒక కొస ఫ్రేముకి కట్టి, రెండో కొసకి నీళ్ల బాటిలు వేలాడదీశాం. బాటిల్లో నీళ్లు ఎంత పోస్తే బరువు అంత. ఖాళీ బాటిలుతో మొదలు, తర్వాత 100 మిల్లీలీటర్లు. జిమ్ములో ఉండే నాబ్ కంటే ఇది నయం, ఎంత పెంచానో కంటికి కనిపిస్తుంది, 50 మిల్లీలీటర్లు పెంచాలంటే 50 పోసుకోవచ్చు.

టైరు గీతలు నవారుని లాగేస్తున్నాయి, పది నిమిషాలకి కాలిన వాసన. సైకిలు షాపులో పూర్తిగా అరిగిపోయిన టైరు ఒకటి ఊరికే ఇచ్చారు. దానితో నున్నగా నడుస్తోంది.

నియమం ఒకటే: మొదటి 10 నిమిషాలు బాటిలు నేల మీద. గాలి మళ్లాకే తగిలించాలి. మా అమ్మాయి ఈ పని తనదని ప్రకటించింది. మీటరు 115 కిందికి దిగి రెండు నిమిషాలు నిలిస్తే తగిలిస్తుంది, ముందు తగిలించమంటే తగిలించదు.

8వ వారం

30 నిమిషాలు, 400 మిల్లీలీటర్లు. గాలి మళ్లేది ఇప్పుడు 9వ నిమిషంలో. అక్టోబరులో 13. నా లెక్కలో ఈ నాలుగు నిమిషాలే ఇప్పటిదాకా వచ్చిన ఫలితం, బరువు ఒక కిలోనే తగ్గాను, దాని గురించి పెద్దగా పట్టించుకోవడం లేదు.

9వ వారం

మా ఆఫీసు రెండో అంతస్తులో, లిఫ్టు లేదు. పొద్దున ఇంట్లో సైకిలు తొక్కాను కాబట్టి మెట్లు తేలిగ్గా ఎక్కుతాననుకున్నాను, ఎక్కలేదు. మధ్యలో స్నానం, టిఫిను, ఆటోలో కూర్చోవడం, అంతా కలిపి గంట పైన. అంతసేపు కదలకపోతే మళ్లీ మొదటికొస్తుంది. ఇప్పుడు ఆటో రెండు వీధుల ముందే దిగి, అక్కడి నుంచి పదీ పన్నెండు నిమిషాలు మెల్లగా నడిచి, ఆగకుండా మెట్లెక్కుతున్నాను. సహోద్యోగులు దారిలో ఎదురైతే ఆపి కబుర్లు చెప్తారు, నడుస్తూ మాట్లాడుకుందాం రండి అంటున్నాను. మొదట ఇబ్బంది పడ్డాను, ఇప్పుడు పడటం లేదు.

11వ వారం

చక్కెర పరీక్ష. శ్రమకి ఐదు నిమిషాల ముందు 37 గ్రాముల పంచదార నీళ్లలో కలిపి తాగితే, రక్తంలో గ్లూకోజు అప్పటికే సిద్ధంగా ఉండి మొదటి నిమిషాలు తేలికవుతాయని పరిశోధనలో తేలింది. డాక్టరు గారిని అడిగి ఒకరోజు చూశాను. 37 గ్రాములంటే మా ఇంటి టీ చెంచాతో సమంగా తొమ్మిది. గొంతు దిగడమే కష్టం. కానీ 4వ నిమిషం 109! మామూలు రోజు అదే నిమిషానికి 122.

రోజూ తాగేది కాదిది. దాదాపు 150 కేలరీలు, రోజూ తాగితే ఒళ్లొచ్చి మళ్లీ అదే బాధ. తప్పనిసరి పని, ముందే తెలిసిన పని ఉన్నప్పుడు మాత్రమే. షుగరు ఉన్నవాళ్లకి ఇది వర్తించదు. శాలిహుండం రోజుకి దాచుకున్నాను.

13వ వారం, సంక్రాంతి

ఇది రాయడానికి పది రోజులు పట్టింది.

భోగికి రెండు రోజుల ముందు అత్తగారింట్లో అరిసెలు. బెల్లం పాకం పొయ్యి మీద, తడి బియ్యప్పిండి పోస్తూ ఒకరు, తెడ్డుతో తిప్పుతూ ఒకరు. తిప్పే తోటికోడలికి పిల్లాడు ఏడుస్తున్నాడని పిలుపొచ్చింది. అత్తయ్య తెడ్డు నా చేతికిచ్చి, "రెండు నిమిషాలు తిప్పమ్మా, పాకం ముదిరిపోద్ది" అన్నారు. ఆవిడకి నా జబ్బు కాళ్లదని తెలుసు, చేతులది కూడానని నేనెప్పుడూ విడమరిచి చెప్పలేదు. నిజానికి నేనే మర్చిపోయాను. పదమూడు వారాలు కాళ్లు అంత బాగా మాట వినేసరికి ఒళ్లంతా బాగైపోయిందన్న ధైర్యం వచ్చేసింది. చలిమిడి ఎలా ఉంటుందో తెలుసు కదా, పిండి పడేకొద్దీ బరువెక్కి తెడ్డుని పట్టేస్తుంది. బిగించి పట్టుకోవడం, ఊపిరి బిగబట్టి తిప్పడం, ఆపితే మాడుతుంది. నాకు ఏది వద్దో అన్నీ ఒకే పనిలో.

నాలుగు నిమిషాలు తిప్పి ఉంటాను. వేళ్లు తెడ్డు చుట్టూ బిగుసుకుపోయాయి, విప్పుకోలేదు. ముంజేతులు కొయ్యల్లా లేచాయి. అత్తయ్య కొబ్బరినూనె తెచ్చి గట్టిగా రుద్దబోయారు, వద్దన్నాను. బిగుసుకున్న కండరాన్ని లాగకూడదు, పిసకకూడదు, వదిలేయాలి. అరగంటకి వేళ్లు కొంచెం తెరుచుకున్నాయి. తెల్లారి గ్లాసులో చూస్తే, తొమ్మిదో తరగతిలో చూసిన రంగు.

ఊళ్లో ఒకాయన వచ్చి నొప్పికి ఇంజెక్షను ఇస్తానన్నాడు. మా ఆయన చేయి అడ్డుపెట్టి ఆపారు. నొప్పి మాత్రలు, నొప్పి ఇంజెక్షన్లు చాలావరకు కిడ్నీ మీద భారం వేస్తాయి, ఈ పరిస్థితిలో అసలు వద్దు. పట్నంలో ఆస్పత్రికి తీసుకొచ్చేసరికి సీకే 38,400. క్రియాటినిన్ 1.3. డ్యూటీ డాక్టరు మెకార్డిల్ పేరు వినలేదన్నారు, అందులో ఆయన తప్పేమీ లేదు, నేను పర్సులోంచి కాగితం తీసిచ్చాను. జబ్బు పేరు, నా మామూలు సీకే ఎంత, సెలైను వెంటనే ఎక్కించాలి, నొప్పి మందుల్లో ఏవి వద్దు, మత్తు ఇవ్వాల్సి వస్తే ముందు ఎవరికి ఫోను చేయాలి, అన్నీ విశాఖ డాక్టరు గారు రాసి సంతకం పెట్టినవి. ఆయన అది చదివి, ఫోను చేసి మాట్లాడి, అప్పటికప్పుడు సెలైను పెట్టించారు. ఈ జబ్బున్న ఎవరైనా సరే, వ్యాయామం మొదలుపెట్టక ముందే ఆ కాగితం రాయించుకోండి. సైకిలు తర్వాతైనా పరవాలేదు.

భోగి మంట, సంక్రాంతి, కనుమ ఆస్పత్రిలోనే. మూడో రోజుకి రంగు తేటపడింది, క్రియాటినిన్ 0.9కి దిగింది.

అత్తయ్య ప్రతిరోజూ వచ్చి మంచం పక్కన కూర్చున్నారు. రెండో రోజు నా నోట్‌బుక్కు మా అమ్మాయి చేత చదివించుకున్నారు, మొదటి పేజీ నుంచి. ఆవిడ చదువుకోలేదు. 146, 127, 108 అని అది చదువుతుంటే, ఆ అంకెలు ఎందుకు తగ్గుతున్నాయని అడిగి అడిగి తెలుసుకున్నారు. నాతో ఏమీ అనలేదు.

ఫిబ్రవరి మొదటి వారం

సీకే 3,100కి వచ్చాక డాక్టరు గారు మళ్లీ ఒప్పుకున్నారు. రథసప్తమికి అరసవల్లి వెళ్లలేదు, ఇంటి నుంచే దణ్ణం పెట్టుకున్నాను. బాటిలు తీసేసి 12 నిమిషాలతో మొదలు. 14 వారాలు వరసగా అవలేదు, అవకపోయినా లెక్కలోంచి తీసేయను, ఆగిన వారాలు కూడా ఇందులోవే.

కొత్తగా చేతులు చేర్చాను. గాలి మళ్లాక, సైకిలు మీదే కూర్చుని, ఖాళీ చేతులు మెల్లగా ముందుకీ వెనక్కీ. బరువు లేదు, పిడికిలి బిగించను. అరలీటరు బాటిలు పట్టుకోవడానికి కూడా ఇంకో రెండు నెలలు ఆగుతాను. ఇంట్లో పనులకీ ఒక జాబితా రాసి ఫ్రిజ్ మీద అతికించాం: బట్టలు పిండటం, చపాతీ పిండి కలపడం, బోరింగు కొట్టడం, గ్యాసుబండ జరపడం, కొబ్బరికాయ కొట్టడం నేను చేయను. నడిచే పని, నిలబడి చేసే పని ఎంతైనా చేస్తాను. బజారు నాది, కూరలు నావి, పాప స్కూలు నాది.

మార్చి 1, ఆదివారం, శాలిహుండం

తెల్లవారుజామున బయల్దేరాం, ఎండెక్కక ముందే పైకి చేరాలని. మా ఆయన, అమ్మాయి, దారిలో అత్తయ్య ఎక్కారు. ఆటోని కొండకి కాస్త ముందే ఆపించాను. నడక మొదలుపెట్టే ముందు పంచదార నీళ్లు. అత్తయ్య కూడా దిగారు, నువ్వు బండిలో రా అమ్మా అని మా ఆయన అంటున్నా వినకుండా.

పొలాల పక్కనుంచి మెల్లగా నడుస్తున్నాం. 3వ నిమిషం 106. 6వ నిమిషం 117. కొండ మొదట్లో మెట్లు కనిపించాయి, మా అమ్మాయి అప్పటికే పది మెట్లు ఎక్కేసి రా అమ్మా అని పిలుస్తోంది. నాక్కూడా ఎక్కేయాలనిపించింది, కాళ్లు బాగానే ఉన్నట్టున్నాయి. అత్తయ్య నా మోచెయ్యి పట్టుకుని ఆపారు.

"ఉండు. ఆ మిషను చూపించు. ఎంతుంది?"

121 అని చెప్పాను.

"ఇంకా మళ్లలేదు కదేటి. ఇక్కడే అటూ ఇటూ నడుద్దాం రా."

మెట్ల ముందు ఆ కాస్త జాగాలో ఇద్దరం అటూ ఇటూ నడిచాం. ఆవిడ నా వేగానికి తగ్గి నడిచారు. ఎవరో కుటుంబం మమ్మల్ని దాటుకుని పైకెళ్లింది, అందులో పెద్దాయన ఎక్కలేకపోతున్నారా అమ్మా అని అడిగాడు. "ఎక్కుతాది బాబూ, ఇంకో రెండు నిమిషాలు" అన్నారు అత్తయ్య. రెండు నిమిషాలు కాదు, మూడు పట్టింది. మీటరు 119, 112, 107.

"మళ్లింది, పద" అన్నారు.

మధ్యలో మూడుసార్లు ఆగాను, ఒక్కోసారి అర నిమిషం, కూర్చోకుండా. పైకి చేరేసరికి 118. ఇటుక స్తూపం చుట్టూ ఒకసారి తిరిగాం. కింద వంశధార, ఇసుక తిన్నెలు, సముద్రం వైపు మంచు. మా అమ్మాయి నోట్‌బుక్కులో అంకె రాసి, పక్కన టైము వేసింది: 6 గంటల 52 నిమిషాలు. అత్తయ్య మెట్టు మీద కూర్చుని చీర కొంగుతో చెమట తుడుచుకుంటూ, ఆ పిల్లని పెన్ను అడిగి తీసుకుని, ఆ అంకె కింద వేలిముద్ర వేసినంత జాగ్రత్తగా ఒక గీత గీశారు.